గొంతు పోయిన బుధవారం

ఇరవై ఆరు ఫారాలు.
ఇరవై అయిదింట్లో అయిదుకి అయిదు.
శిక్షణ బాగుందా? అయిదు. భోజనం? అయిదు.
నేర్చుకున్నది తరగతిలో వాడతారా? అయిదు,
ఆ అయిదు చుట్టూ ఒకావిడ పువ్వు కూడా గీసింది.
బిష్కెక్ నుంచి పనిగట్టుకుని వచ్చినవాణ్ణి
నొప్పించడం నరీన్‌లో మర్యాద కాదు.

ఇరవై ఆరో దాంట్లో రెండు.
కింద పెన్సిల్‌తో, కిర్గిజ్‌లో ఒకటే ముక్క:
"బుధవారం ఒక్కటే బాగుంది."
పేరు రాయక్కర్లేదని చెప్పినా రాసింది:
బురుల్‌కాన్, ఆట్‌బాషీ, ఏడో తరగతి.

నా పని తూకం వేయడం.
నాలుగు వారాల ఇంగ్లీషు టీచర్ల శిక్షణకి
ఎంత పోశాం, ఎంత నిలిచింది.
డబ్బిచ్చినవాళ్లకి ఒక అంకె కావాలి,
ఇరవై పేజీల చివర నిటారుగా నిలబడేది.
టైంటేబుల్ తిరగేశాను.
బుధవారం: ప్రశ్నలు అడిగే పద్ధతులు,
నలభై రెండు స్లైడులు.
మంగళవారమూ అలాంటిదే, గురువారమూ అంతే.

జనవరిలో వెళ్లాను.
మష్రూత్కాలో నా ఒళ్లో ఎవరిదో పిండి బస్తా,
కిటికీ అద్దానికి లోపలివైపు మంచు.
దారిలో ఒక బడి. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి
బొగ్గు పొయ్యి పైన తగిలించారు.
దాని కింద పిల్లలు నన్ను చూడగానే లేచి
"గుడ్ మార్నింగ్ టీచర్ వియ్ ఆర్ ఫైన్ థాంక్యూ"
అడక్కుండానే అప్పజెప్పేశారు.
అప్పటికి మధ్యాహ్నం రెండు.

బురుల్‌కాన్ నన్ను చూసి నవ్వలేదు.
వెనక బెంచీ చూపించింది,
చేతిలో ఉప్పటి కురుత్ ఉండ ఒకటి పెట్టింది,
పాఠం మొదలుపెట్టింది.
"వాట్ ఇజ్ బిహైండ్ ద మౌంటెన్?"
కొండ కిటికీలోనే ఉంది.
ఎవరూ మాట్లాడలేదు.
ఆమె కూడా.
పొయ్యిలో బొగ్గు చిటపటమంది.
నాకు ముచ్చెమటలు. ఇన్‌స్పెక్టరు ముందు
తరగతి ఇలా నోరు మూసుకుంటే
మా రోజుల్లో ఉద్యోగం పోయేది.
జవాబు అందిద్దామని నా నాలుకే కదిలింది.
ఆమె సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ
అలాగే నిలబడింది,
పాలు ఎప్పుడు పొంగుతాయో తెలిసినదానిలా.

చెవులదాకా టోపీ లాక్కున్న కుర్రాడు
లేవకుండానే అన్నాడు:
"హార్స్. హార్స్ ఆఫ్ మై అంకుల్. హి ఇజ్ కోల్డ్."
ఆమె దిద్దలేదు.
"హూ ఇజ్ కోల్డ్?" అంది.
మళ్లీ ఆగింది.
ఈసారి మూడు చేతులు లేచాయి.
గంట కొట్టేశారు.

టీ పోస్తూ చెప్పింది.
ఆ బుధవారం ట్రైనర్‌కి గొంతు పోయిందట.
కరెంటు కూడా.
బోర్డు మీద ఒక్క ప్రశ్న రాసి
వీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడట.
"ఇరవై రెండేళ్లుగా అడుగుతున్నాను.
అడిగి, నేనే చెప్పేస్తున్నాను.
నా జవాబు కోసం ఎవరూ
అంతసేపు కూర్చోలేదు ఎప్పుడూ.
ఆ రోజు ఇంగ్లీషులో నా సొంత వాక్యం
ఒకటి బయటికొచ్చింది. తప్పులతోనే."
ఏం వాక్యమని అడిగాను.
రొట్టె తుంచి టీలో ముంచుకుంది, చెప్పలేదు.

గురువారానికి అతనికి గొంతు వచ్చేసింది.

ఇప్పుడు రిపోర్టు రాయాలి.
శిక్షకుడి సామర్థ్యం అన్న గడిలో ఏం వేయను?
సిఫారసుల దగ్గర
వచ్చే ఏడు జలుబు ఏర్పాటు చేయమననా?
సగటు కట్టాను: నాలుగు పాయింట్ ఎనిమిది ఎనిమిది.
లెక్క తప్పలేదు, మూడుసార్లు చూశాను.
దాని పక్కన కర్సరు కొట్టుకుంటోంది.

తెల్లారితే గడువు.
చలి గుర్రానికో, బాబాయికో,
ఆ మూడు చేతుల్ని
మెట్ల దగ్గరైనా ఆపి అడగాల్సింది.